దేంతో మిలాయించి చూశావ్?

మొన్న ఆదివారం రాత్రి మా భాంజీ ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. సలాం చెప్పి, ఖైరియత్ కూడా అడగకుండా, "మామూ, మేరా కంప్యూటర్ ఝూట్ బోల్‌రా" అంది. వాళ్ళ కంప్యూటర్ అబద్ధాలు చెబుతోందట.

సంగతేంటంటే, ఒకే పనికి పైథాన్‌లో రెండు రకాలుగా ప్రోగ్రామ్ రాసి, రెండింట్లో ఏది తొందరగా నడుస్తుందో కొలిచి రమ్మన్నారు కాలేజీలో. కొలిచింది. మొదటి ప్రోగ్రామ్‌కి ఒకసారి 6 సెకన్లు వచ్చింది, ఇంకోసారి 4, మరోసారి 11.

"అదే కోడ్, అదే లాప్‌టాప్. వఖ్త్ మాత్రం తీరుకో తీరు. ఏ నంబర్ రాయాలి మామూ? అన్నిట్లో తక్కువది రాసేస్తే పోదా?"

స్క్రీన్ చూపించమన్నాను. చూడగానే నవ్వొచ్చింది. ప్రోగ్రామ్ మొదటి లైన్‌లోనే గడియారం ఆన్ చేసింది. రెండో లైన్‌లో ప్రోగ్రామ్ "ఎన్ని అంకెలు కావాలి?" అని అడుగుతుంది. తను టైప్ చేసి ఎంటర్ కొట్టేదాకా అక్కడే ఆగి ఉంటుంది. గడియారం మాత్రం ఆగదు.

"బేటా, నువ్వు కొలిచింది నీ టైపింగ్‌ని. 11 సెకన్లు వచ్చినప్పుడు ఏం చేస్తున్నావో యాద్ ఉందా?"

కాసేపు చప్పుడు లేదు. "అమ్మీ చాయ్ తెచ్చింది" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నవ్వు మిగల్లేదు. ఇలాంటి గల్తీ నేనూ చేశాను. ఇంతకన్నా పెద్దది. దానివల్ల ఒక పిల్ల ఇజ్జత్ పోయింది. ఈ సంగతి ఇంట్లో అబ్బాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు ఇంటికొకరు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. వాళ్ళకి పనికొస్తుంది. కూర్చోని వాళ్ళకి కూడా ఎంతో కొంత పనికొస్తుందని నా ఖయాల్.

ముందు అబ్బా గురించి చెప్పాలి. అబ్బా ఘడీసాజ్. నల్లగొండ గడియారం సెంటర్‌కి దగ్గర్లో చెక్క డబ్బా ఆయన దుకాణం. ఒక మనిషి కూర్చుంటే ఇంకొకరికి జాగా లేదు. నేను బడి నుంచి వచ్చి ఆ డబ్బా ముందు స్టూల్ మీద కూర్చునేవాణ్ణి. కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, చిమ్టీతో, పేచ్‌కస్‌తో ఆయన పని చేస్తుంటే మాట్లాడకూడదు. ఊపిరి గట్టిగా వదిలినా పేచ్ ఎగిరిపోతుంది. ఎక్కువగా చావీ ఇచ్చే హెచ్‌ఎంటీ ఘడీలే వచ్చేవి. లోపల బాల్‌కమానీ పక్కన ఒక సన్నని ముల్లు ఉంటుంది. ఒక వైపుకి జరిపితే ఘడీ తేజ్ అవుతుంది, ఇంకో వైపుకి జరిపితే సుస్త్ అవుతుంది. వెంట్రుకంత జరిపితే రోజుకి నిమిషాల ఫరక్.

ఒకరోజు ఊరి నుంచి ఒక పటేల్ వచ్చాడు. కోపంగా ఉన్నాడు. "ఏంది సాయిబూ, పైసలు తీసుకున్నవ్, ఘడీ అయిదు నిమిషాలు లేటే ఉంది" అని బల్ల మీద పెట్టాడు.

అబ్బా భూతద్దం తీసి, నెమ్మదిగా అడిగారు. "దేంతోటి మిలాయించి చూసినవ్ పటేలా?"

"మా ఇంట్ల గోడ గడియారంతోటి."

"అది దేంతోటి మిలాయించినవ్?"

పటేల్ దగ్గర జవాబు లేదు. బస్సు తప్పిపోకుండా ఇంట్లో గడియారాన్ని ముందుకి పెట్టుకోవడం అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఉన్న అలవాటే. అబ్బా ఆ మాట అనలేదు. "మూడు దినాలు నా దగ్గర ఉంచు" అన్నారు. మూడు రోజులూ ఆ ఘడీని ఒకరోజు వెల్లకిలా, ఒకరోజు బోర్లా, ఒకరోజు నిలబెట్టి ఉంచారు. పెట్టిన తీరుని బట్టి కూడా ఘడీ నడక మారుతుంది కాబట్టి. ప్రతి రోజూ రేడియోలో వార్తల టైమ్‌కి మిలాయించి, ఎంత ఫరక్ ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నాకు ఇదంతా ఫుజూల్ పనిలా కనిపించేది. తప్పు ఎవరిదో తెలిసిపోతూనే ఉంది కదా, మూడు రోజులెందుకు?

ఇప్పుడు నా సంగతి. నాలుగేళ్ళ కింద హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పని. రాత్రిపూట ఒక పెద్ద ఫైల్ వచ్చేది, దాదాపు 2 జీబీ. 12 లక్షల వరుసలు. అందులో రెండుసార్లు వచ్చిన వరుసల్ని తీసేసి, తారీఖుల వారీగా హిసాబ్ తేల్చాలి. దానికి ప్రోగ్రామ్ నేనే రాశాను. రెండేళ్ళుగా నడుస్తోంది. కొత్తగా చేరిన కరీంనగర్ పిల్ల ఒకామె అదే పనికి వేరే తీరులో ఇంకో ప్రోగ్రామ్ రాసింది. తనది తొందరగా అవుతుందని చెప్పింది.

నిజం చెప్పాలంటే, ఆ మాట నాకు నచ్చలేదు. నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి కొలిచాను. ముందు ఆమెది నడిపాను. 36 సెకన్లు. తర్వాత నాది. 26 సెకన్లు. ఒక్కోటి ఒక్కసారే. ఇంకోసారి చూద్దామని అనిపించలేదు. నాకు కావాల్సిన జవాబు వచ్చేసింది కదా. మధ్యాహ్నం మీటింగ్‌లో రెండు నంబర్లనూ స్క్రీన్ మీద పెట్టాను. "కొత్త ప్రోగ్రామ్ 10 సెకన్లు సుస్త్" అన్నాను. పన్నెండు, పదమూడు మంది ఉన్నారు. ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆమె ప్రోగ్రామ్ పక్కన పెట్టేశారు. రెండు వారాలకి ఆమెని వేరే పనిలోకి మార్చారు.

నెల తిరక్కముందే ఒకరోజు ఆ మిషన్‌ని బంద్ చేసి మళ్ళీ ఆన్ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నా ప్రోగ్రామ్ నడిపితే 42 సెకన్లు చూపించింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మళ్ళీ నడిపాను. 26. అప్పుడు నా కడుపులో ఏదో జారినట్టయింది.

రొట్టెలు చేసే వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి రొట్టెకి ఎప్పుడూ ఎక్కువసేపు పడుతుంది, పెనం వేడెక్కాలి కాబట్టి. రెండో రొట్టె టకటకా కాలుతుంది. పిండి అదే, చేయి అదే. కంప్యూటర్ కూడా ఫైల్‌ని మొదటిసారి డిస్క్ మీద నుంచి చదువుతుంది, అది నెమ్మది పని. చదివిన దాన్ని మెమరీలో జాగా ఉన్నంత వరకు అలాగే ఉంచుకుంటుంది. రెండోసారి అడిగితే డిస్క్ దాకా వెళ్ళదు, అక్కడి నుంచే ఇచ్చేస్తుంది. ఆ పొద్దున ఆమె ప్రోగ్రామ్ చల్లటి పెనం మీద నడిచింది. నాది ఆమె వేడి చేసిన పెనం మీద నడిచింది. నేను ఆ రెండు రొట్టెల్నీ పక్కపక్కన పెట్టి, ఆమెకి రొట్టె చేయడం రాదని పదిమందిలో చెప్పాను.

వరస తిప్పి కొలిచాను. మిషన్ ఆన్ చేయగానే నాది 42. వెంటనే ఆమెది 20. ఆ తర్వాత రెండూ వేడి మీదే, అయిదేసి సార్లు. నాది 26కి అటూ ఇటూ, ఆమెది 20కి అటూ ఇటూ. ఎటు నుంచి చూసినా ఆమెదే 6 సెకన్లు తేజ్.

ఎందుకని చూద్దామని పైథాన్‌లోనే ఉండే సీప్రొఫైల్ అనే దానితో నా కోడ్‌ని నడిపించాను. ఏ ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచారు, దానిలో ఎంత వఖ్త్ పోయింది అని అది జాబితా ఇస్తుంది. నా అందాజా ప్రకారం వఖ్త్ అంతా డూప్లికేట్లు ఏరే చోట పోవాలి. అక్కడ పోవడం లేదు. అక్షరాల్లో ఉన్న తారీఖుని నిజమైన తారీఖుగా మార్చే ఫంక్షన్ ఒకటుంది, స్ట్రిప్‌టైమ్. దాన్ని 12 లక్షల సార్లు పిలుస్తున్నాను. ఆమె ఏం చేసిందంటే, ఒకే తారీఖు వేల వరుసల్లో వస్తుందని గమనించి, ఒకసారి మార్చిన తారీఖుని డిక్షనరీలో దాచిపెట్టుకుంది. మళ్ళీ అదే వస్తే అందులోంచి తీసుకుంటుంది. చిన్న హుషారు పని. రెండేళ్ళలో నాకు తట్టలేదు.

సీప్రొఫైల్ గురించి ఒక్క మాట. అది ప్రతి ఫంక్షన్ పిలుపునీ రాసుకుంటూ పోతుంది కాబట్టి ఆ రాసుకోవడానికి కూడా వఖ్త్ తీసుకుంటుంది. వఖ్త్ ఎక్కడ పోతోందో కనిపెట్టడానికి అది మంచిది. రెండింట్లో ఏది తేజ్ అని ఫైసలా చేయడానికి దాని నంబర్లు వాడకూడదు.

ఆ రాత్రి నుంచి కూర్చుని కొలవడం నేర్చుకున్నాను. పదేళ్ళు కోడ్ రాసిన తర్వాత!

పైథాన్‌లో గడియారాలు ఒకటి కాదు. అందరికీ ముందు తెలిసేది టైమ్ డాట్ టైమ్. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెబుతుంది. అది గోడ గడియారం లాంటిది. కంప్యూటర్ ఇంటర్నెట్‌లోని సరైన టైమ్‌తో మిలాయించుకుంటూ దాన్ని ముందుకో వెనక్కో సర్దుకుంటుంది. పొద్దు తెలుసుకోవడానికి అది సరే. పని జరుగుతున్న మధ్యలో ఎవరో ముల్లు జరిపితే మన లెక్క పాడైపోతుంది. మైనస్ కూడా రావచ్చు. అందుకే 2012లో వచ్చిన పైథాన్ 3.3లో పెర్ఫ్ కౌంటర్ అని ఇంకోటి ఇచ్చారు. ఇప్పుడు ఎన్ని గంటలయిందని అడిగితే దానికి తెలియదు. కానీ అది ఎప్పుడూ వెనక్కి నడవదు. పని ముందు ఒకసారి, పని తర్వాత ఒకసారి దాన్ని అడిగి తీసివేస్తే మధ్యలో పోయిన వఖ్త్ తేలుతుంది. ప్రాసెస్ టైమ్ అని మూడోది ఉంది. ప్రాసెసర్ మన కోడ్ మీద నిజంగా పనిచేసిన వఖ్త్‌నే అది లెక్కేస్తుంది. భాంజీ చాయ్ తాగిన వఖ్త్ అందులోకి రాదు. పాత పుస్తకాల్లో టైమ్ డాట్ క్లాక్ కనిపిస్తే వదిలేయండి. విండోస్‌లో ఒక అర్థం, లినక్స్‌లో ఇంకో అర్థం ఇచ్చేది. 3.8లో దాన్ని తీసేశారు.

మరీ చిన్న పనుల్ని ఒకసారి నడిపి కొలవలేం. ఒక్క బియ్యపు గింజని కిరాణా తరాజులో వేసి చూసినట్టు ఉంటుంది. శేరు బియ్యం తూచి, గింజలు లెక్కబెట్టి భాగించుకోవాలి. టైమ్‌ఇట్ చేసేది అదే. వేరే ఏం చెప్పకపోతే మనమిచ్చిన ముక్కని 10 లక్షల సార్లు నడుపుతుంది. టెర్మినల్ నుంచి నడిపితే మొత్తం కనీసం 0.2 సెకన్లు అయ్యేలా ఎన్నిసార్లు నడపాలో అదే చూసుకుంటుంది. మధ్యలో పైథాన్ తన మెమరీని ఊడ్చుకునే పని కూడా ఆపి ఉంచుతుంది.

దానితో నేను మొదట కొలిచింది ఇది. 50 వేల పేర్లు ఒక లిస్ట్‌లో, అవే పేర్లు ఒక సెట్‌లో పెట్టి, రెండింట్లోనూ లేని పేరు ఒకటి వెతికించాను. లిస్ట్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క పేరునీ చూసుకుంటూ పోతుంది. నా లాప్‌టాప్‌లో మిల్లీసెకను దరిదాపుల్లో పట్టింది. సెట్ నేరుగా ఆ పేరు ఉండాల్సిన గదికి వెళ్ళి చూస్తుంది. మైక్రోసెకనులో పదో వంతు కూడా పట్టలేదు. వేల రెట్ల ఫరక్. ఒక్క పేరు వెతికితే మనిషికి తెలియదు. అదే పని లక్షసార్లు చేస్తే ఒకటి నిమిషాలు తీసుకుంటుంది, ఇంకోటి కన్నార్పే లోపల అయిపోతుంది.

ఇక నంబర్ సంగతి. అయిదుసార్లు కొలిస్తే అయిదు నంబర్లు వస్తాయి. ఏది రాయాలి? ఇక్కడ అబ్బా లెక్కకీ ఈ లెక్కకీ తేడా ఉంది. చేతి ఘడీ ఒకరోజు తేజ్ కావచ్చు, ఒకరోజు సుస్త్ కావచ్చు. అందుకే అబ్బా మూడు రోజుల సగటు తీసేవారు. కంప్యూటర్‌లో అడ్డంకులు ఒక వైపుకే లాగుతాయి. మధ్యలో ఏదో అప్‌డేట్ దిగుతుంది, బ్రౌజర్ ఏదో చేస్తుంది, మిషన్ వేడెక్కి నెమ్మదిస్తుంది. ఇవన్నీ వఖ్త్‌ని పెంచేవే. చేయగలిగిన దానికన్నా తొందరగా కోడ్‌ని ఏదీ నడిపించలేదు. కాబట్టి అయిదింట్లో అన్నిటికన్నా తక్కువదే కోడ్ అసలు నడకకి దగ్గర. పైథాన్ వాళ్ళ సొంత వివరణలో కూడా ఇదే సలహా ఉంది. భాంజీ బద్ధకంతో అన్న మాట సరైనదే. కాకపోతే అయిదు సరైన కొలతల్లో తక్కువది కావాలి. చాయ్ తాగిన దాంట్లోంచి ఏరింది కాదు.

ఇవన్నీ నేర్చుకున్నాను. నోట్సు రాసుకున్నాను. ఆమె డెస్క్ దగ్గరికి వెళ్ళి, "మీ ప్రోగ్రామ్ మీద నా లెక్క తప్పు, సారీ" అని చెప్పాను. "పర్లేదు సార్" అంది. నా మనసు తేలికయింది.

ఆ వారం నల్లగొండ వెళ్ళాను. సెల్‌ఫోన్లు వచ్చాక అబ్బా దుకాణం నడవలేదు. చూపు తగ్గింది. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆయనకి ఇదంతా చెప్పాను. డిస్క్, మెమరీ, పెర్ఫ్ కౌంటర్. ఎంత అర్థమైందో తెలియదు, మధ్యలో ఆపకుండా విన్నారు. ఆఖర్న ఒక్కటే అడిగారు.

"ఉస్ బచ్చీకు బోలా క్యా?" ఆ పిల్లకి చెప్పావా అని.

"చెప్పిన అబ్బా."

"అకేలే మే బోలా, కీ సబ్ కే సామ్నే?"

ఒంటరిగా చెప్పావా, అందరి ముందా? నేను మాట్లాడలేదు. ఆయన కూడా ఇంకేం అనలేదు. చాయ్ చల్లారిపోతోంది తాగు అన్నారు.

సోమవారం మీటింగ్‌లో చివర్న రెండు నిమిషాలు అడిగాను. అదే స్క్రీన్ మీద కొత్త నంబర్లు పెట్టాను. ఎలా కొలిచానో, మొదట ఎక్కడ తప్పు చేశానో చెప్పాను. "ఆ రోజు సుస్త్ అయింది ఆమె ప్రోగ్రామ్ కాదు. నేను తప్పు కొలిచి, ఆమె పేరు పాడు చేశాను" అన్నాను. గొంతు వణికింది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన "మంచిది, నెక్స్ట్" అన్నాడు. ఆమె తల దించుకుని నోట్‌బుక్‌లో ఏదో గీసుకుంటోంది.

సాయంత్రం క్యాంటీన్‌లో కనిపించింది. తనే వచ్చి చెప్పింది. "సార్, ఆ రోజుకి ముందే నేను మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 20 దగ్గరే వచ్చింది. చెబుదామనుకున్నాను. కానీ మీ నంబర్ స్క్రీన్ మీద ఉంది. నా నంబర్‌ని ఎవరు నమ్ముతారు సార్?"

అందాజాగా "ఈమె కోడ్ బాగోలేదు" అని ఉంటే ఆమె వాదించి ఉండేది. 36, 26 అని రాసేసరికి నోరు మూతపడింది. నంబర్‌కి అంత తాఖత్ ఉంది. అది తప్పుడు నంబర్ అయినా సరే.

ఆ రాత్రి నుంచే ఆమె ప్రోగ్రామ్ నడవడం మొదలైంది. కానీ అప్పటికే ఆ ఏడాది ఆమె పని మీద రాయాల్సిన కాగితం రాసి పైకి పంపేశారు. దాన్ని సరిచేయమని నేను రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. కొన్నాళ్ళకి ఆమె వేరే చోటికి వెళ్ళిపోయింది. 10 సెకన్ల తప్పు ఎంత దూరం పోయిందో ఏ పెర్ఫ్ కౌంటర్‌తో కొలవను?

ఇదంతా భాంజీకి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. శాంతంగా వింది. రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టింది. అంకెల్ని ముందే ఇచ్చేసి, గడియారాన్ని సరైన చోట పెట్టి, రెండు ప్రోగ్రామ్‌లనూ వరస మార్చి మార్చి అయిదేసి సార్లు కొలిచిందట. ఒకటి 0.42, ఒకటి 0.40. "ఫరక్ పెద్దగా లేదు మామూ. చదవడానికి ఆసాన్‌గా ఉన్నదే మంచిదని రాశా. లాప్‌టాప్ ఏదో, పైథాన్ ఏ వర్షనో కూడా రాశా" అంది. కింద ఇంకో మాట. "నానా నోట్‌బుక్ ఇంకా ఉందా? ఫోటో పంపు."

ఉంది. అమ్మీ పాత ట్రంకు పెట్టెలో భద్రంగా దాచింది. కాగితాలు పసుపెక్కాయి. తారీఖు, రేడియో టైమ్, ఘడీ టైమ్, ఫరక్, ఎలా పెట్టిందీ అని అడ్డంగా అయిదు గీతల గళ్ళు. పటేల్ ఘడీ ఉన్న పేజీ వెతికి ఫోటో తీసి పంపాను. మూడు రోజుల లెక్క ఉంది. 15 సెకన్లు తేజ్, 20 సెకన్లు తేజ్, 5 సెకన్లు సుస్త్. దాని కింద ఉర్దూలో అబ్బా చేతిరాత. ఘడీ బాగానే ఉంది, పైసలు తీసుకోలేదు.